కంప్యూటరు కొయ్యబారుట ఎందువలన?

పరీక్ష రుసుము చెల్లించుటకు గడువు సాయంకాలము 5 గంటలకు ముగియును. విద్యార్థి దరఖాస్తులోని గళ్లన్నియు నింపి, చివరి మీటను నొక్కబోవుచుండగా తెర కదలుట మానినది. మౌసును ఎటు త్రిప్పినను బాణపు గుర్తు ఉన్నచోటనే ఉన్నది. మీటలు నొక్కినను అక్షరము పడదు. తెర మూలనున్న గడియారము కూడ 4 గంటల 50 నిమిషముల వద్ద నిలిచిపోయినది. యంత్రము చచ్చినదా అనగా, చావలేదు. లోపల పంకా తిరుగుచునే ఉన్నది, ముందున్న దీపము వెలుగుచునే ఉన్నది. దీనినే వాడుకలో "సిస్టం హ్యాంగయినది" అందురు.

ఇట్టి సమయమున అందరు చేయు పని ఒక్కటే. విద్యుత్తు మీటను కొన్ని క్షణములు నొక్కిపట్టి, యంత్రమును ఆపి, మరల నడిపింతురు. అది ఏమియు ఎరుగనట్లు చక్కగా పనిచేయును. వారము దినముల తరువాత మరల అదే కథ. అప్పుడు కొంచెము తెలిసినవారెవరో వచ్చి, వైరసు పట్టినది, ఫార్మాటు చేయవలెనని తేల్చెదరు. ఫార్మాటు చేసినంత మాత్రమున మెమొరీ పలకలోని దోషము పోదు. ఇంటి కప్పు కారుచుండగా గోడలకు సున్నము వేసినట్లగును. పైపెచ్చు, పదిలపరచుకొనని కాగితములు, ఛాయాచిత్రములు ఫార్మాటుతో పోవును.

కొయ్యబారుటకు కారణములు పెక్కు కలవు. విద్యుత్తును అందించు పెట్టె చెడవచ్చును, ప్రాసెసరుపై ధూళి పేరుకొని అది మితిమీరి వేడెక్కవచ్చును, డిస్కు పాడై ఉండవచ్చును. కాని మిగిలిన వాటికంటె ఎక్కువ తికమక పెట్టునవి రెండు: దోషముగల మెమొరీ, సరిగా వ్రాయబడని గ్రాఫిక్సు డ్రైవరు. మొదటిది వస్తువులోని లోపము, రెండవది వ్రాతలోని లోపము. ఒకదానికి డబ్బు ఖర్చు, రెండవదానికి ఒక గంట శ్రమ. బయటికి మాత్రము రెండును ఒకే విధముగ కనిపించును. తేడా తెలియక మంచి పలకను పారవేసినవారును, చెడ్డ పలకతో నెలల తరబడి వేగినవారును కలరు.

ముందుగా కొయ్యబారుట అనగా ఏమో తెలిసికొనవలెను. ప్రాసెసరు అను భాగము సెకనుకు కోట్లకొలది ఆజ్ఞలను ఒకదాని వెంట ఒకటిగా అమలు జరుపును. అది నిజముగ నిలిచిపోవుట అరుదు. గానుగెద్దు వలె ఒకే ఆజ్ఞల గుంపు చుట్టు తిరుగుచుండవచ్చును, లేదా ఎన్నటికిని రాని జవాబు కొరకు కాచుకొని ఉండవచ్చును. నీలిరంగు తెరపై తెల్లని అక్షరములతో తప్పు సంఖ్య కనిపించుట వేరు. అక్కడ యంత్రము తన తప్పును తానే పసిగట్టి, ఇక ముందుకు పోరాదని ఆగినది. ఆ తెరను చూచి భయపడుదురు గాని, నిజమునకు అది మేలు. పోవుచు ఒక ఆధారమునైనను విడిచిపోవును. కొయ్యబారిన యంత్రము ఏమియు చెప్పదు.

చిల్లుకుండ వంటి మెమొరీ

నేటి కంప్యూటర్లలో ర్యాము అని పిలువబడు మెమొరీకి మూలము 1966లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థయందు రాబర్ట్ డెనార్డ్ అను ఇంజనీరుకు కలిగిన ఆలోచన. 1968లో ఆయనకు పేటెంటు లభించినది. ఒక అంకెను, అనగా 0 లేక 1ని, దాచుటకు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు చాలునని ఆయన చూపెను. కెపాసిటరును పాత పుస్తకములలో కండెన్సరు అనెడివారు. అందులో విద్యుదావేశము ఉన్నచో 1, లేనిచో 0. ట్రాన్సిస్టరు ద్వారపాలకుని వలె తలుపు తీయుచు మూయుచుండును. 1970లో ఇంటెల్ సంస్థ అమ్మకమునకు తెచ్చిన 1103 అను మెమొరీ చిప్పులో గదులు 1,024 ఉండెడివి. నేడు 8 గిగాబైట్ల పలక ఒక్కదానిలో సుమారు 6,870 కోట్ల గదులు కలవు.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు కలదు. అంత చిన్న కెపాసిటరులో పట్టునది కొద్ది పదివేల ఎలక్ట్రానులే. అవియు నిలువ ఉండవు; చిల్లుకుండలో నీటివలె కారిపోవుచుండును. అందువలన ప్రతి గదిని 64 మిల్లీసెకనులకు ఒకసారి చదివి, అందున్న దానిని మరల నింపవలెను. సామాన్యముగ ఈ పనిని 8,192 విడతలుగ పంచుదురు. అనగా సుమారు 7.8 మైక్రోసెకనులకొక విడత చొప్పున, యంత్రము నడచుచున్నంతసేపు, ఎవరును అడుగకుండగనే ఈ నింపుడు సాగుచుండును. విద్యుత్తు పోయిన వెంటనే ర్యాములోనిది చెరిగిపోవుటకు కారణమిదే.

వేడి పెరిగినకొలది కారుట హెచ్చును. చిప్పు ఉష్ణోగ్రత 85 సెంటీగ్రేడు డిగ్రీలు దాటినచో రెట్టింపు వేగముతో నింపవలెనని ప్రమాణములు చెప్పుచున్నవి. రామగుండము, కొత్తగూడెము వంటిచోట్ల మే నెలలో, గాలి ఆడని గదిలో, ధూళితో పూడిన పెట్టెలో నున్న యంత్రమునకు ఇది పట్టించుకొనదగిన విషయమే. అయినను సర్వమును ఎండపై మోపుట తగదు. దీనిని గురించి కొంత దిగువ చెప్పబడును.

కోట్లకొలది గదులలో ఒక్కటి బలహీనమై, నింపువేళకు ముందే ఖాళీ అయినదనుకొందము. 1 ఉండవలసినచోట 0 కనిపించును. ఫలితము ఆ గదిలో ఏమి దాచబడినదో దానిపై ఆధారపడును. అది ఒక ఛాయాచిత్రములోని చుక్క అయినచో, ఆకాశములో ఒక చుక్క రంగు మారును, ఎవరికిని తెలియదు. అది ఒక సంఖ్య అయినచో కథ వేరు. 2003 మే 18న బెల్జియము దేశపు ఎన్నికలలో, బ్రస్సెల్సు దగ్గరి స్కార్‌బీక్ అనుచోట, ఒక అభ్యర్థికి కంప్యూటరు లెక్కలో 4,096 ఓట్లు అదనముగ వచ్చినవి. అన్ని ఓట్లు వచ్చుటకు వీలు లేకుండుటచేతనే తప్పు బయటపడినది. 4,096 అనగా రెండును పండ్రెండుమారులు హెచ్చవేయగా వచ్చు సంఖ్య. కంప్యూటరు వ్రాయు ద్విసంఖ్యామానములో కుడినుండి పదమూడవ అంకె ఒక్కటి 0 నుండి 1కి మారినచో సరిగా ఇంతే పెరుగును. ప్రోగ్రాములో ఎంత వెదకినను తప్పు దొరకలేదు. మెమొరీలో ఒక అంకె తానై తిరుగబడి ఉండునని పరీక్షించినవారు భావించిరి.

మారిన అంకె ఒక చిరునామాలోనిది అయినచో కొయ్యబారుట సంభవించును. కంప్యూటరు తన పనులను పట్టీలుగ పెట్టుకొనును. పట్టీలోని ప్రతి అంశము, తరువాతి అంశము ఎక్కడున్నదో చెప్పును. మూడవ దాని చివర నాలుగవ దాని చిరునామా ఉండవలసియుండగా, ఒక్క అంకె తిరుగబడి, మొదటిదాని చిరునామాగా మారవచ్చును. ఒకటి, రెండు, మూడు, మరల ఒకటి. ప్రాసెసరు ఆ పట్టీ చివరను ఎన్నటికిని చేరదు. ఆ పట్టీ మౌసును, తెరను నడపు మూలవ్యవస్థకు చెందినదైనచో యంత్రమంతయు గానుగెద్దు అగును.

ఈ అంకెలను తిప్పునదేది? 1978లో ఇంటెల్ సంస్థకు చెందిన తిమొతి మే, మరే వుడ్స్ అనువారు ఒక వింతను వెల్లడించిరి. చిప్పులను కప్పిన పింగాణి తొడుగులలో స్వల్పముగ యురేనియము, థోరియము ఉండుటచే, వాటినుండి వెలువడు ఆల్ఫా కణములు మెమొరీ గదులను చెరుపుచున్నవి. తొడుగుల పదార్థమును శుద్ధిచేయుటతో ఆ బాధ చాలవరకు తగ్గినది. 1979లో జీగ్లర్, లాన్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞులు విశ్వకిరణముల వలన కూడ ఇట్టి తప్పులు కలుగునని లెక్కగట్టిరి. ఈ మాట వినుటకు ఇంపుగా ఉండుటచే, కంప్యూటరు ఎప్పుడు చెడినను నక్షత్రములపై నెపము వేయుట కొందరికి అలవాటైనది.

నిజము అంత కవితామయము కాదు. టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్ సంస్థలోని ఇరువురితో కలిసి, ఆ సంస్థ యంత్రశాలలలోని మెమొరీ పలకలను రెండున్నర ఏండ్లు గమనించి, 2009లో ఫలితములను ప్రకటించెను. ఏడాదిలో సుమారు నూటికి 8 పలకలలో తప్పులు కనబడినవి. తప్పు చేసిన పలకయే మరల మరల తప్పు చేయుచున్నది. అనగా తప్పులలో ఎక్కువ భాగము ఆకాశమునుండి ఊడిపడినవి కావు; ఆ పలకలోనే లోపమున్నది. ఉష్ణోగ్రత ప్రభావము అనుకొన్నదానికంటె చాల తక్కువగ కనబడినది. అయితే అవి చల్లదనమును అదుపులో ఉంచిన శాలలు. ధూళిపట్టిన మూలగది సంగతి వేరు. ఏమైనను, ఒకసారి దోషము రుజువైన పలకను "ఈమారుకు పోనిమ్ము" అని ఉంచుకొనుట తెలివి కాదని ఈ పరిశోధన వలన స్పష్టమగుచున్నది.

తప్పును కనిపెట్టి సరిదిద్దు ఉపాయము కొత్తది కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు రిచర్డ్ హామింగ్, వారాంతమున తాను లేనపుడు యంత్రము తప్పు చూచి పనిని వదలివేయుచుండగా విసిగి, తప్పును కనిపెట్టగల యంత్రము దానిని దిద్దుకొనలేదా అని ఆలోచించెను. 1950లో ఆయన ప్రకటించిన పద్ధతియే నేటి పెద్ద యంత్రముల మెమొరీకి ఆధారము. 64 అంకెలకు 8 అంకెలు కాపలాగా చేర్చి, ఒక్క తప్పును దిద్దుదురు, రెండు తప్పులను గుర్తింతురు. బ్యాంకుల సర్వర్లలో ఇట్టి మెమొరీయే ఉండును. ఇంటి యంత్రములకు ఖర్చు తగ్గించుటకై దీనిని విడిచిపెట్టిరి. 2020లో ప్రమాణము వెలువడిన డి.డి.ఆర్.5 రకములో చిప్పు లోపల మాత్రము కొంత దిద్దుబాటు కలదు. చిప్పునుండి ప్రాసెసరువరకు గల దారిలో జరుగు తప్పులను అది పట్టదు.

డ్రైవరు చేయు పని

ఇక రెండవ నిందితుడు. డ్రైవరు అనగా వస్తువు కాదు, ఒక ప్రోగ్రాము. గ్రాఫిక్సు చిప్పులు ఒక్కొక్క సంస్థవి ఒక్కొక్క రకము. మూలవ్యవస్థకు, అనగా విండోసు, లినక్సు వంటి దానికి, ఆ చిప్పుల భాష తెలియదు. చిప్పును చేసినవారే ఒక దుబాసీని వ్రాసి ఇచ్చెదరు. ఆ దుబాసీయే డ్రైవరు.

మామూలు ప్రోగ్రాము తప్పు చేసినచో దానిని మాత్రము మూసివేసి మిగిలినవి నడపవచ్చును. గ్రాఫిక్సు డ్రైవరులో ముఖ్యభాగము అట్లు కాక, మూలవ్యవస్థ గర్భములో, సర్వాధికారములతో నడచును. వంటవాడు తప్పు చేసినచో కూర చెడును. తాళములన్నియు చేతిలోనున్న దివాను తప్పు చేసినచో సంస్థానమే చెడును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన మార్పు వలన ప్రపంచమున సుమారు 85 లక్షల విండోసు కంప్యూటర్లు పడిపోయినవి. అది గ్రాఫిక్సు డ్రైవరు కాదు గాని, అటువంటి అధికారముతోనే గర్భమున నడచునది.

గ్రాఫిక్సు డ్రైవరు చిప్పుకు పని అప్పగించి, జవాబు కొరకు కాచుకొనును. చిప్పు చిక్కులో పడినచో జవాబు రాదు. విండోసు ఎక్స్‌పి కాలములో ఇట్లు జరిగినచో మీట నొక్కి ఆపుట తప్ప దారి లేదు. విస్టాతో ఒక కావలి ఏర్పాటు వచ్చినది. చిప్పు 2 సెకనులలో జవాబు చెప్పనిచో, విండోసు దానిని బలవంతముగ మొదటికి తెచ్చి డ్రైవరును మరల నడుపును. తెర ఒక్కసారి నల్లబడి మరల వెలుగుట, డిస్‌ప్లే డ్రైవరు ఆగి కోలుకొన్నదను ప్రకటన కనబడుట దీని గుర్తులు. కోలుకొనలేనిచో నీలితెర వచ్చును. కావలివాడే చిక్కుకొన్నచో కొయ్యబారును. విస్టా తొలిదినములలో డ్రైవర్లు ఎంత అపక్వముగ నుండెనో ఒక న్యాయస్థానపు వ్యాజ్యములో బయటపడిన మైక్రోసాఫ్టు పత్రముల వలన తెలిసినది. 2007లో నమోదైన పతనములలో నాలుగవ వంతుకు మించి ఒకే గ్రాఫిక్సు సంస్థ డ్రైవర్ల వలన కలిగినవే.

ఇందులో మరొక మెలిక కలదు. తక్కువ ధర యంత్రములలో గ్రాఫిక్సుకు వేరు కార్డు, వేరు మెమొరీ ఉండవు. ప్రధాన ర్యాములోనే కొంతభాగమును తెరకొరకు వాడుకొనును. కావున ర్యాము చెడినచో తెరపై రంగుల చారలు పడి, నేరము గ్రాఫిక్సుదే అని తోచును. నీలితెరపై డ్రైవరు పేరు కనబడినంత మాత్రమున డ్రైవరే దోషి అనరాదు. దొంగసొత్తు ఎవరి పెరటిలో దొరికినదో చూచి దొంగ ఎవరో చెప్పలేము గదా!

పరీక్షించు విధము

యంత్రము కొయ్యబారిన క్షణమున వెంటనే మీట నొక్కక, ఒక నిమిషము గమనించుట మంచిది. క్యాప్స్‌లాక్ మీటను నొక్కవలెను. కీబోర్డుపై దాని దీపము వెలిగి ఆరుచున్నచో మూలవ్యవస్థ బ్రతికియే ఉన్నది. తెర మాత్రమే చిక్కుకొన్నది. అనుమానము గ్రాఫిక్సు వైపు మొగ్గును. విండోసు 10, 11లలో విండోసు మీట, కంట్రోలు, షిఫ్టు, బి అను నాలుగింటిని కలిపి నొక్కినచో గ్రాఫిక్సు డ్రైవరు మొదటినుండి నడచును. చిన్న శబ్దము వినిపించి తెర తిరిగివచ్చినచో, పని పోకుండ దక్కినట్లే. దరఖాస్తు నింపుచున్న విద్యార్థికి ఈ నాలుగు మీటలు తెలిసి ఉన్నచో ఆ పది నిమిషములు చాలును.

దీపము కదలక, పాట వినుచుండగా ఒకే ముక్క గీతపడిన గ్రామఫోను పలకవలె మరల మరల మ్రోగుచున్నచో, ప్రాసెసరే చిక్కుకొన్నది. శబ్దపు చిప్పు మెమొరీలోని చిన్న తొట్టినుండి తానే తీసుకొని వాయించును. ఆ తొట్టిని క్రొత్త ధ్వనితో నింపువాడు లేకపోవుటచే పాతదే తిరుగుచుండును. ఇది మెమొరీ వలననైనను, డ్రైవరు వలననైనను కావచ్చును.

అప్పుడు అలవాటును చూడవలెను. వీడియో చూచునపుడో, ఆటలాడునపుడో, నిద్రనుండి యంత్రమును లేపునపుడో మాత్రమే, అందునను ఇటీవల డ్రైవరు మారినప్పటినుండి, కొయ్యబారుచున్నచో డ్రైవరును శంకింపవలెను. మెమొరీ దోషమునకు వేళాపాళా లేదు. ఈనాడు ఉత్తరము వ్రాయుచుండగా, రేపు ఏమియు చేయకుండగా సంభవించును. నీలితెరపై ప్రతిసారి వేరు వేరు పేర్లు వచ్చును. కుదించిన ఫైళ్లు విప్పునపుడు పాడైనవని చెప్పి, రెండవమారు చక్కగా విప్పుకొనును. ఈ చివరి గుర్తు చాల విలువైనది. విండోసు దినచర్యలో, అనగా ఈవెంటు వ్యూయరులో, 4101 సంఖ్యతో డిస్‌ప్లే ప్రకటనలున్నచో గ్రాఫిక్సు తడబడుచున్నట్లు తెలియును. 41 అను సంఖ్యకు మాత్రము, యంత్రము సక్రమముగ మూయబడక ఆగినదని తప్ప అర్థము లేదు. దానిని చూచి విద్యుత్తు పెట్టె మార్చినవారు కలరు.

మెమొరీని పరీక్షించుటకు విండోసులోనే ఒక సాధనము కలదు. వెదకు పెట్టెలో ఎండిఎస్‌చెడ్ అను ఆంగ్ల అక్షరములు కొట్టినచో దొరకును. అంతకంటె కఠినమైనది మెమ్‌టెస్ట్86 ప్లస్ అను ఉచిత ప్రోగ్రాము. దీనిని పెన్‌డ్రైవుపై ఎక్కించి, విండోసు లేకుండగనే నడపవలెను. విండోసు కూర్చున్న చోటును విండోసు నడచుచుండగా తుడిచి పరీక్షింప వీలులేదు గదా. ఈ ప్రోగ్రాము ప్రతి గదిలో ఒక అంకె వ్రాసి, చదివి, దానిని తిరుగవేసి మరల వ్రాసి, ఇరుగుపొరుగు గదులు దానిని చెరుపుచున్నవేమో కూడ చూచును. బలహీనపు గది అన్ని వేళల తప్పు చేయదు; కనుక ఒక్కసారి నడిపి ఊరకుండక రాత్రియంతయు నడపవలెను. ఎర్రని వరుస ఒక్కటి కనబడినను తప్పే. కోట్ల గదులలో ఒక్కటే గదా అని ఉపేక్షింపరాదు.

తప్పు కనబడినచో, ముందుగా బయోసులో మెమొరీ వేగమును చూడవలెను. ఎక్స్.ఎం.పి. అను పేర సామాన్య ప్రమాణమునకు మించిన వేగము పెట్టబడి ఉన్నచో తగ్గించి మరల పరీక్షింపవలెను. పలక మంచిదై, పరుగు మాత్రమే ఎక్కువై ఉండవచ్చును. తరువాత యంత్రమునుండి విద్యుత్తు తీగను ఊడదీసి, పెట్టె లోహమును తాకి, పలకలను తీసి గట్టిగా బిగింపవలెను. రెండు పలకలున్నచో ఒక్కొక్కదానినే ఉంచి నడపవలెను. తప్పు పలక వెంట పోయినచో పలకది, స్లాటు వెంట ఉండిపోయినచో మదర్‌బోర్డుది. మరమ్మతు దుకాణములలో పలక అంచును పెన్సిలు రబ్బరుతో రుద్దుట ఆచారము. మురికి పోవుటచే కొన్నిసార్లు ఫలించును గాని, ఆ బంగారుపూత మిక్కిలి పలుచన. మాటిమాటికి రుద్దినచో పూతయే పోవును. ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన మెత్తని గుడ్డ మేలు.

రాత్రియంతయు తప్పు కనబడనిచో డ్రైవరు వంతు. విండోసును సేఫ్ మోడులో నడిపినచో తయారీదారు డ్రైవరు ప్రక్కకు తప్పుకొని, సాదా డ్రైవరు మాత్రమే పనిచేయును. అందులో కొయ్యబారనిచో అనుమానము బలపడును. పెన్‌డ్రైవునుండి లినక్సును నడిపి చూచుట ఇంకను మంచిది. అక్కడ డ్రైవరు వేరు. అక్కడను కొయ్యబారినచో నేరము వ్రాతది కాదు, వస్తువుదే. డ్రైవరే అని తేలినపుడు అందరును క్రొత్తది తెచ్చి పెట్టుదురు. కాని బాధ క్రొత్తదానితోనే మొదలైనచో, డివైసు మేనేజరులోని రోల్ బ్యాక్ మీటతో పాతదానికి పోవుటయే సరియైన చికిత్స.

ఇంతవరకు చెప్పిన దానిలో తొందర కనబడకపోవచ్చును. మెమొరీ దోషమున తొందర కలదు. డ్రైవరు చెడినచో ఆ పూట పని పోవును. మెమొరీ చెడినచో, కొయ్యబారని వేళలలో కూడ, డిస్కుపై తప్పులు వ్రాయబడుచుండును. పొదుపు సంఘపు లెక్కలో ఒక అంకె, పరిశోధన వ్యాసములో ఒక పుట, బిడ్డ పుట్టిననాటి ఛాయాచిత్రములో సగము ఎవరికిని తెలియకుండ చెడవచ్చును. మరియు భయపడి ఆ యంత్రముతోనే అన్నిటికి నకళ్లు తీసినచో, నకలు కూడ ఆ చిల్లుకుండ గుండానే పోవును. మంచిగా ఉన్న పాత నకలుపై చెడిన క్రొత్త నకలును వ్రాసినచో రెండును పోయినట్లే. కావున అనుమానము కలిగిన దినమున పాత నకళ్లను ముట్టరాదు. యంత్రమును ఆపి, డిస్కును ఊడదీసి, వేరొక మంచి యంత్రమునకు తగిలించి, వేరు పెన్‌డ్రైవుపైననో డిస్కుపైననో నకలు తీయవలెను. ర్యాము మార్చిన తరువాతనే ఆ యంత్రముపై లెక్కలు వ్రాయవలెను.

మెమొరీ పలకలకు కొన్ని సంస్థలు చాల ఏండ్ల పూచీ ఇచ్చుచున్నవి. పలకను పంపునపుడు ఎర్రని వరుసలు కనబడు తెరను ఫోనుతో ఛాయాచిత్రము తీసి జతపరచినచో, దుకాణము వారితో వాదము తగ్గును.